బుధవారం లోడు

మా నాన్న ఊరికే మాట ఇచ్చే మనిషి కాదు. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళుగా మోటార్లు చుడుతున్న నూర్ మొహమ్మద్ అంటే, మోటారు విప్పి చూసేదాకా ఏమీ చెప్పడనీ, చూశాక చెప్పింది తప్పడనీ పేరు. అలాంటి మనిషి, పోయిన మిర్చి సీజన్లో, తను చూడను కూడా చూడని పని గురించి, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, "మా ఫరా చేసిద్దండీ" అని నలుగురిలో అనేసి ఇంటికొచ్చాడు. కొంప మునిగింది మాత్రం నాది.

ఆ మాట ఇచ్చింది సుబ్బారావు గారికి. ఎడ్లపాడు దాటాక హైవే పక్కన ఆయన ఏసీ ఉంది. మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు. కోసిన మిర్చిని కల్లంలో ఎండబెట్టి, టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో తొక్కి, ధర వచ్చేదాకా రైతులు అక్కడ దాచుకుంటారు. ఆ ఏసీలో కంప్రెసర్ మోటార్లన్నీ ఇరవై ఏళ్ళ నుంచి మా నాన్న చేతి మీదే నడుస్తున్నాయి. మా ఇంటి పొయ్యి సగం ఆ పని మీదే వెలుగుతుంది.

అంతకు ముందు ఏడు కాటాలో మోసం ఉందంటూ రైతులు ఆయన గేటు ముందు బైఠాయించారు. ఉందో లేదో పైవాడికెరుక గానీ, సుబ్బారావు గారికి రోషం పొడుచుకొచ్చింది. ఈసారి ప్రతి రైతూ తన టిక్కీ కాటా ఎక్కడం, దాని తూకం, షెడ్డులో పెద్ద తెర మీద కళ్ళారా చూసుకోవాలన్నాడు. చూస్తుండగానే సరుకు దాచినట్టు రాసిచ్చే బాండు కాగితం చేతిలో పడాలన్నాడు. ఆరు కాటాలు, ముప్పై రెండు కెమెరాలు, నాలుగు తెరలు పెట్టించాడు. పెట్టినవాళ్ళు అన్నిటినీ ఒకే నెట్‌వర్కులో కలగాపులగం చేసి పోయారు. ఆఫీసు గుమాస్తా పెన్‌డ్రైవ్‌లో సినిమా తెచ్చుకుంటే దాంతోపాటు వైరస్ వచ్చి, కాటాలతో సహా అన్నీ పడుకున్నాయి. అప్పుడు ఊడిపడింది నాన్న మాట.

నేను డిప్లొమా చేసి, గుంటూరులో ఒక ఆఫీసులో రెండేళ్ళు నెట్‌వర్కు పని నేర్చి, ఆ ఆఫీసు మూతపడితే ఇంటికొచ్చి కూర్చున్నదాన్ని. అమ్మీ నన్ను ఏదన్నా బడిలో కంప్యూటర్ టీచర్ని చెయ్యాలని చూస్తోంది. హమాలీల మధ్య, మిర్చి ఘాటులో, పైగా రంజాన్ ఉపవాసాల్లో ఈ పనేందని ఆమె గోల. మా ఇంట్లో మామూలుగా ఉర్దూ, బజార్లో తెలుగు, కోపమొస్తే రెండూ కలిసి వస్తాయి. ఆ వారమంతా రెండూ కలిసే వచ్చాయి.

సరే, వెళ్ళాను. ఆఫీసు కంప్యూటర్లు, తెరలు ఒక వైపు. కాటాలు ఒక వైపు. కెమెరాలు ఒక వైపు. వీటి తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్చి పెట్టెలోనే, తీగలు మార్చకుండా, మూడు వేరు వేరు నెట్‌వర్కులుగా విడగొట్టాను. వీలాన్లంటారు వాటిని. ఇక ఒకదానికి జబ్బు చేస్తే రెండోదానికి అంటదు. విడగొట్టడం ఒక పూట పని. అసలు తంటా తర్వాత మొదలైంది. కాటా తూకం ఆఫీసుకు చేరాలి, కెమెరా బొమ్మ తెర మీదికి రావాలి. విడిపోయినవాటి మధ్య రాకపోకలకు దారి కావాలి.

ఇదంతా ఇంట్లో చెబితే అమ్మీ చేట చెరుగుతూ, "అన్నదమ్ములు వేరుపడ్డాక మాట్లాడుకోడానికి మధ్యలో పెద్దమనిషి కావాలంటావు. అంతేగా?" అంది. నేను నాలుగు నెలలు పుస్తకాల్లో చదివింది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ పెద్దమనిషిని పెట్టడానికి మూడు పద్ధతులున్నాయి. మూడు నెట్‌వర్కుల నుంచీ మూడు తీగలు రౌటరుకు లాగడం మొదటిది. అక్కడున్న పాత రౌటరుకు అన్ని రంధ్రాలు లేవు. రెండోది, రౌటరుకు ఒకే తీగ లాగి, మూడిటి రాకపోకలూ దాని మీదే నడిపించడం. మూడోది, రౌటరు దాకా పోకుండా స్విచ్చికే ఆ పెత్తనం అప్పగించడం. ఆ ఏసీలో ఉన్న స్విచ్చి పెద్దది, ఆ పని చెయ్యగలదు. పెట్టినవాళ్ళు ఆ సంగతే పట్టించుకోలేదు.

నేను రెండోది ఎంచుకున్నాను. ఒక్క తీగతో పోతుంది, శుభ్రంగా ఉంటుంది, చానా చోట్ల ఇదే పద్ధతి అని సుబ్బారావు గారికి దర్జాగా చెప్పాను. మంగళవారం పొద్దున అన్నీ కలిపి చూశాను. హమాలీల చేత నాలుగు టిక్కీలు కాటా ఎక్కించాను. ఎక్కించీ ఎక్కించకముందే తెర మీద బొమ్మ, తూకం, ఆ వెంటనే బాండు. సుబ్బారావు గారు కొబ్బరికాయ కొట్టించాడు. నాన్న మోటారు గది గుమ్మంలో నిలబడి, జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ నా వంక చూసిన చూపు చూస్తే, నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇరవై నాలుగు గంటలు ఆనలేదు. ఆ తర్వాత ఆనాయి, గట్టిగానే.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి వెళ్ళేసరికి హైవే మీద కిలోమీటరు పొడవున ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నం రాహుకాలం రాకముందే సరుకు లోపల పడాలని అందరికీ తొందర. ఆరు కాటాలూ ఒకేసారి మొదలయ్యాయి. పావుగంట బాగానే ఉంది. తర్వాత తెరల మీద బొమ్మలు వణికాయి, ముక్కలయ్యాయి, ఆగిపోయాయి. బాండు ప్రింటరు గుడ్లప్పగించి కూర్చుంది.

మూడో కాటా దగ్గర శావల్యాపురం నుంచి వచ్చిన ధనమ్మ అనే రైతు నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి, తలకు తువ్వాలు చుట్టుకుంది. ఆమె టిక్కీ కాటా మీద ఉంది. తెర మీద మాత్రం ఆమెకు ముందు వచ్చినాయన టిక్కీ, ఆయన తూకమే నిలిచిపోయాయి.

"ఏందమ్మాయ్ ఇది? కాటా మీద నా కాయ, తెర మీద ఆ మీసాలాయన కాయా?"

"ఒక్క నిమిషం పెద్దమ్మా, బొమ్మ ఆగింది. తూకం సరిగ్గానే ఉంటుంది."

"బొమ్మ ఆగితే కాటా ఆపు. కౌలుకు చేసుకున్న ఎకరన్నర్లో నల్ల తామర పురుగు తినిపోగా మొదటి కోతకు మిగిలింది ఇంతే. చూపిస్తానని పిలిచింది మీరు. నేను చూసిందాకా దించేది లేదు." అని ఆ టిక్కీ మీదే ఎక్కి కూర్చుంది.

ఆమె కూర్చుంటే వెనకున్నవాళ్ళకు బలమొచ్చింది. "తెరలు పెట్టి మరీ మోసం చేస్తున్నారురోయ్" అని ఎవడో కేకేశాడు. ఒక గంటలో యార్డంతా అరుపులే. నేను రౌటరు దగ్గర కూర్చుని కెమెరాలు ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చాను. సగం ఆపాక బొమ్మలు కాస్త కదిలాయి. ఎలాగో ఆ పూట గడిచింది. గొంతులో మిర్చి ఘాటు, తాగడానికి లేదు, ఏడవడానికి అంతకన్నా లేదు.

సుబ్బారావు గారు నన్ను ఏమీ అనలేదు. నాన్నను పిలిచాడు.

"నూరూ, ఇరవై ఏళ్ళు నీ మాట మీద కంప్రెసర్లు నడిపా. ఎన్నడన్నా ఎందుకని అడిగానా? ఇయ్యాల రైతుల్లో నా తల తీసి కాటా మీద పెట్టినట్టయింది. వచ్చే బుధవారం దాకా చూస్తా. కాలేదో, తెరలు పీకేస్తా. నీ మాటకూ ఒక దండం, నీ మోటార్లకూ ఒక దండం."

నాన్న "సరే బాబుగారూ" అని మాత్రం అన్నాడు. బైకు మీద ఇంటికి వచ్చే దారంతా ఆయన వీపు వెనక కూర్చుని, ఈ మనిషి ముప్పై ఏళ్ళ పేరు ఒక్క పూటలో గంగలో కలిపాను గదా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నమాజు చేసుకుని వచ్చాక అడిగాడు. "నిన్న మంగళారం అంత బాగా నడిచింది, ఇయ్యాల ఎందుకు నడవలేదు?"

చెప్పాను. కెమెరా ముందు కదలిక లేకపోతే అది పంపేది తక్కువ. మనుషులు, ట్రాక్టర్లు కదిలేకొద్దీ ఎక్కువ. మా పాత రౌటరుది సన్నని దారి. పైగా ప్రతి బొమ్మా ఆ ఒక్క తీగ మీదే వెళ్ళాలి, ఆ తీగ మీదే వెనక్కి రావాలి. అన్ని కాటాలూ ఒకేసారి ఆడితే ఇరుక్కుపోతుంది.

నాన్న నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"మంగళారం, శుక్రారం పల్నాడులో ఎవడన్నా ఇంట్లోంచి లక్ష్మిని బయటికి పంపుతాడంటావా? ఆ రెండ్రోజులు ఆపుకున్న సరుకంతా బుధారం, శనారం మీద పడుద్ది. నేను ఏసీ మోటార్లు మంగళారమే ఎందుకు విప్పుతా? ఆ రోజు పనుండదని. ఖాళీగా తిప్పితే ఏ మోటారన్నా పాట పాడుద్ది బేటీ. లోడు మీద చూడాల."

పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. మంగళవారం అప్పు కూడా పుట్టదని తెలుసు. మాకు ఆ పట్టింపు లేదు గనుక నా బుర్రకు తట్టలేదు. తెలిసిన సంగతే మరిచిపోయి పరువు పోగొట్టుకోవడం అంటే ఇదే.

"మరి ఆ మూడో దారి ఎందుకు వద్దనుకున్నావు? కొత్త సామాను కొనాలా?"

"అక్కర్లేదు. ఉన్న స్విచ్చే చేసిద్ది."

"మరి?"

నేను నేల చూపులు చూశాను. "నాకు రాదు అబ్బాజాన్. ఒక్క తీగది గుంటూరులో నాలుగైదు చోట్ల చేశా. స్విచ్చికి పెత్తనం ఇచ్చేది చదివానంతే, ఎన్నడూ చెయ్యలేదు. తేడా వస్తే కాటాలు, ఆఫీసు, కెమెరాలు మూడూ ఒకేసారి పోతాయి. భయమేసి తెలిసిన దారి పట్టా. సుబ్బారావు గారికి మాత్రం అదే మంచిదని చెప్పా."

తర్వాత నాన్న అన్నాడు. "సుబ్బారావు గారి ఏసీలో మొదటి కంప్రెసర్ మోటారు విప్పినప్పుడు నాకూ రాదు. అంత పెద్దది అప్పటిదాకా చూసిన పాపాన పోలేదు."

"విప్పి వచ్చి మూడు రోజులు జ్వరం పెట్టుకున్నాడు," అంది అమ్మీ. "ఒంటికి కాదు, మనసుకి. తిండి లేదు, నిద్ర లేదు. నాలుగో రోజు పోయి బిగించి వచ్చాడు. నీకింకా వారం ఉంది గదా, తిను ముందు."

వారం రోజులు మా షాపులో రాగి తీగల మధ్యన ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఉత్తుత్తి స్విచ్చి మీద ఆ పని ముప్పై సార్లు చేశాను. గుంటూరులో నాతో పనిచేసిన సాయి కిరణ్‌కు ఫోను చేస్తే, "సీజన్ మధ్యలో మెయిన్ స్విచ్చి ముట్టుకోవద్దు ఫరా, రౌటరు మార్పించు, పది రోజుల్లో వచ్చేస్తుంది," అన్నాడు. సలహా మంచిదే. కానీ నాకు పది రోజులు లేవు. పైగా ఎంత పెద్ద రౌటరు తెచ్చినా, పక్కింటికి పోవడానికి ఊరు చుట్టి రావడం తప్పదు. పక్కపక్కనే ఉన్నవాళ్ళకు స్విచ్చిలోనే దారి ఉండగా ఆ తిప్పలెందుకు? పద్ధతి ఏదో నాకు తేలిపోయింది. మిగిలింది ధైర్యమే.

మళ్ళీ మంగళవారం వచ్చింది. యార్డు ఖాళీ. పాత అమరికంతా ఒక పక్కన భద్రం చేసుకున్నాను, తేడా వస్తే పది నిమిషాల్లో వెనక్కి పోవచ్చని. పదకొండింటికి దారి చూపే పని రౌటరు నుంచి తీసి స్విచ్చికి అప్పగించాను. రౌటరుకు ఇంటర్నెట్ ఒక్కటే మిగిల్చాను. కాటా, తెర, బాండు మూడూ పలికాయి. పలకడం కాదు గదా కావలసింది. పోయిన మంగళవారమూ పలికాయి.

"అబ్బాజాన్, నాకు బుధవారం కావాలి. ఇప్పుడే కావాలి."

నాన్న యార్డు వంక చూశాడు. షెడ్డు నీడలో హమాలీలు నలభై మంది గోచీలు బిగించకుండా, పేకాట మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నారు. వాళ్ళ మేస్త్రి యోహానును కేకేశాడు.

"యోహానూ, మనోళ్ళందర్నీ కాటాలెక్కించు."

"సరుకేది భాయ్?"

"సరుకు మీరే. మా అమ్మాయికి లోడు కావాల."

ఇక చూడండి. ఆరు కాటాల ముందు ఆరు వరసలు. ఒకడు ఎక్కడం, తెర మీద తన మొహం, తన తూకం చూసుకుని పళ్ళికిలించడం, దిగడం, ఇంకొకడు ఎక్కడం. మిగిలినవాళ్ళు పొట్టు బస్తాలు ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చుకుపోవడం. ఇద్దరు డ్రైవర్లు ఖాళీ ట్రాక్టర్లు యార్డు చుట్టూ తిప్పడం. "ఒరేయ్, పెళ్ళయ్యాక పది కిలోలు పెరిగాడురా వీడు!" అని అరుపులు, ఈలలు. కెమెరాలు ముప్పై రెండూ ఒళ్ళు విరుచుకుని పనిచేశాయి. నేను స్విచ్చి ముందు కూర్చుని అంకెలు చూస్తున్నాను. ఒక్క తెర వణకలేదు.

అప్పుడే సుబ్బారావు గారి కారు లోపలికి వచ్చింది. దిగీ దిగకముందే కేక. "మంగళారం పూట కాటాలెక్కుతున్నారేందిరా! ఎవర్రా చెప్పింది?"

నాన్న ఎదురెళ్ళాడు. "మిర్చి కాదుగా బాబుగారూ. మనుషులమే."

ఆయన తెరల వంక చూశాడు. వరసల వంక చూశాడు. అర్థమైనట్టుంది. చెప్పులు విడిచి, పంచె కొంచెం పైకెత్తి, మూడో కాటా ఎక్కాడు. తెర మీద ఆయన నిండుగా కనిపించాడు, పక్కనే తొంభై ఒకటిన్నర అని పడింది.

"ఈ కాటాలో మోసం ఉందిరోయ్," అన్నాడు సుబ్బారావు గారు.

యార్డంతా గొల్లుమంది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు అమ్మీ క్యారేజీ పట్టుకుని ఆటోలో వచ్చేదాకా ఆ ఆట ఆగలేదు. యోహాను ఆమెను కూడా కాటా ఎక్కమన్నాడు. "నా బరువు నాలుగు తెరల మీద వేయిస్తావా? సిగ్గు లేదూ!" అని కొంగు సర్దుకుంది గానీ, తెర మీద కదిలే బొమ్మల్ని మాత్రం నోరు తెరుచుకుని చూసింది. "ఇవన్నీ నువ్వే నడిపిస్తున్నావా?" అని రెండుసార్లు అడిగింది.

తెల్లారి బుధవారం. ఆ రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. పోయిన వారం కన్నా ఎక్కువ ట్రాక్టర్లు వచ్చాయి. ధనమ్మ రెండో కోత కాయ తెచ్చింది. మూడో కాటా దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, కాటా మీద టిక్కీని ఒకసారి, తెర మీద టిక్కీని ఒకసారి చూసింది. నలభై నాలుగున్నర. ఆమె ఇంకా చూస్తుండగానే గుమాస్తా బాండు తెచ్చి చేతిలో పెట్టాడు. కాగితం మడిచి రొంటిన దోపుకుని, "ఊఁ, దించండి," అంది. అంతే. నా వంక తిరిగి కూడా చూడలేదు.

ఆ "ఊఁ" విని నేను తెగ గర్వపడ్డాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పదకొండింటికి సుబ్బారావు గారు గేటు దగ్గర ట్రాక్టర్లు అడ్డదిడ్డంగా పెట్టినవాళ్ళ మీద అరుస్తున్నాడు. ఆయన వేరేవాళ్ళ మీద అరుస్తున్నాడంటే మా పని కుదిరినట్టే. నాన్న మోటారు గదిలోంచి బయటికే రాలేదు. నేను వెళ్ళి చూస్తే స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కంప్రెసర్ల చప్పుడు వింటున్నాడు. "నడుస్తుందా?" అన్నాడు. "నడుస్తుంది," అన్నాను. కళ్ళు తెరవకుండానే తల ఊపాడు.

ఏప్రిల్ ఆఖరుకు గదులన్నీ నిండిపోయాయి. సీజను ముగిసిందని సుబ్బారావు గారు పనివాళ్ళందరికీ భోజనాలు పెట్టాడు. మమ్మల్ని ముగ్గురినీ రమ్మన్నాడు. మోటారు గది బయట గోడ మీద, ఎప్పుడేం పాడైనా ఎవరికి ఫోను చెయ్యాలో పేర్లు, నంబర్లు రాయించి ఉంటాయి. ఎండకు వెలిసిపోతే ఆ రోజు పెయింటరు మళ్ళీ దిద్దుతున్నాడు. మోటార్లు, నూర్ మొహమ్మద్. దాని కింద నెట్‌వర్క్ అని రాసి, కుంచె ఆపి మా వైపు తిరిగాడు.

"నంబరు చెప్పండి."

నాన్న ముందుకొచ్చాడు. రోజుకు వందమంది మగాళ్ళు వచ్చిపోయే చోటు. గోడ మీద ఆడపిల్ల ఫోను నంబరు మా వీధిలో ఎవరూ రాయించరు. "దానికీ నాదే వెయ్యండి బాబుగారూ. ఫోనొస్తే నేను చెప్తాలే ఆమెకి."

సుబ్బారావు గారు కూడా "అదే మేలు" అన్నట్టు చూశాడు. నేను నోరెత్తలేదు. ఎత్తింది అమ్మీ. విస్తరి ముందు నుంచి లేచి, ఎడం చేత్తో కొంగు తల మీదికి లాక్కుంటూ వచ్చింది.

"నీకు ఫోను చేస్తే నువ్వేం చెప్తావు? స్విచ్చికీ రౌటరుకీ తేడా తెలుసా నీకు? పని చేసింది అది. అర్ధరూపాయంత అనుమానమొచ్చినా వాళ్ళు దాన్నే అడగాల. దాని నంబరే రాయి నాయనా."

అని తనే చెప్పింది, పది అంకెలూ, తడుముకోకుండా. ఆమెకు నా నంబరు నోటికి వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"పేరేం రాయను? నూర్ మొహమ్మద్ గారి అమ్మాయి అని రాయనా?" అన్నాడు పెయింటరు.

నాన్న గోడ వంక కాసేపు చూశాడు. "వద్దయ్యా. నా పేరు పైన ఉందిగా మోటార్ల దగ్గర. కింద ఫరా అని రాయి, చాలు."

రాశాడు. రాసి పక్కకు తప్పుకోగానే అమ్మీ గోడ దగ్గరికి వెళ్ళింది. ఆమెకు చదువు అంతంత మాత్రమే. తడి రంగుకు తగలకుండా వేలు అరంగుళం దూరంలో పెట్టి, ఒక్కో అంకె పైకి చదువుకుంటూ, తప్పు పడలేదు గదా అని చివరిదాకా సరిచూసుకుంది.